కూటియిల్లు, కాఫీ హోటలు, కల్లుపాక: కొల్లేటి సీమ సాంఘిక చరిత్రలో ఒక అధ్యాయము

నేడు లండను, మాంచెస్టరు మొదలగు బ్రిటిషు నగరములకు చదువులకై, కొలువులకై వెళ్ళిన మన గోదావరి సీమ యువకులు సాయంకాలమున నలుగురు కలిసికొనవలెనన్న అచ్చట వెలసిన జపాను వారి ఇజకాయలకు పోవుట కలదు. ఆ భోజనశాలలలో ఒక్కొక్కరికి ఒక్కొక్క విస్తరి యను పద్ధతి లేదు. చిన్న చిన్న పళ్ళెములలో వేచిన చేపలును, పుల్లలకు గ్రుచ్చి నిప్పులపై కాల్చిన కోడిమాంసపు ముక్కలును, ఉప్పునీట నుడికించిన పచ్చి సోయాకాయలును ఒకదాని వెంట నొకటి వచ్చుచుండగా, వానిని అందరును నడుమ నుంచుకొని, పానపాత్రను ప్రక్కన పెట్టుకొని, తొందర లేక మాటలాడుకొనుచు ప్రొద్దు పుచ్చుదురు. టోక్యోకు పూర్వనామమైన ఎదో నగరమున, బియ్యమును పులియబెట్టి చేసిన సాకే యను మద్యమును విక్రయించు వర్తకులు, కొనినవారిని అంగడిలోనే కూర్చుండి త్రాగనిచ్చి, త్రాగువారి యాకలికి ఏదో యొక వంటకమును సమకూర్చుటతో ఈ యాచారము మొదలైనది. అచ్చట 1596లో వెలసిన తొషిమాయ అను అంగడివారు సాకేతోబాటు నిప్పులపై కాల్చిన తోఫును అమ్మి ప్రసిద్ధి కెక్కిరి. 1811 నాటి లెక్కలలో ఆ యొక్క నగరముననే ఇట్టి అంగళ్ళు 1,808 ఉండెనని తేలినది.

పానము, చిరుతిండి, తీరిక అను మూడును ఒక్క కప్పు క్రింద, ఒక్క గౌరవముతో నిలుచుట ఆ సంస్థకు గల విశేషము. ఏలూరు, తాడేపల్లిగూడెము, కొల్లేటి లంకలు గల మన సీమలోను ఈ మూడింటికిని కొదువ లేదు. కాని మన సంఘము వానిని వేరువేరిండ్ల పాలు చేసి, కడుపు నింపుటకు ఒక యిల్లును, కబుర్లకు ఒక యిల్లును, పానమునకు ఒక పాకను నిర్మించి, ఒకదానికి మర్యాదను, మరియొకదానికి నిందను అంటగట్టినది. అట్లేల జరిగెనో విచారించుట మన తిండి చరిత్రను మాత్రమే గాక మన సంఘ చరిత్రను విచారించుటయే యగును.

అన్నమును అమ్ముట మన పూర్వులకు సమ్మతమైన పని కాదు. ఆకలిగొన్నవానికి పెట్టుట ధర్మము, పెట్టినదానికి వెల కట్టుట పాపము అను భావము పండితుల గ్రంథముల నుండి పల్లెటూరి ముసలమ్మల మాటల వరకు వ్యాపించి యుండెను. బాటసారులకై సత్రములు వెలసినది ఆ భావము వలననే. గోదావరి పాయల నడుమనున్న లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు, 1909లో కాలధర్మము నొందు వరకును, వేళ గాని వేళ వచ్చినవారికి సహితము వండి వడ్డించి, అపర అన్నపూర్ణ యని పేరొందిరి. అయినను వ్యాపారమునకై, వ్యాజ్యములకై, కొలువులకై ఊరూర తిరుగు వారందరికిని సత్రములు చాలవు. ఆ లోటు తీర్చినది పూటకూటి యిల్లు. పదునైదవ శతాబ్దపు కృతిగా ఎన్నబడు క్రీడాభిరామమున ఓరుగల్లు వీథులలో విహరించు మిత్రు లిద్దరికి ఒక్క రూకకు పప్పు, నేయి, పిండివంట, పెరుగులతో కడుపార భోజనము దొరకు పూటకూటి యిల్లు కనబడును. 1897లో అచ్చయిన గురజాడవారి కన్యాశుల్కమునను పూటకూళ్ళమ్మ ఒక ముఖ్యపాత్ర. భర్తను గోల్పోయి వేరు జీవనాధారము లేని స్త్రీలు పలువురు ఈ వృత్తిని చేపట్టిరి. వారి చేతి అన్నము తిన్న సంఘమే వారిని చులకనగా మాటలాడినది. వెలకు అన్నము పెట్టుటలోని చిన్నతనమును తినువారు మోయలేదు, పెట్టువారే మోసిరి.

ఇట్టి యిండ్లకు ఏలూరు మిక్కిలి అనువైన పట్టణము. సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరము వద్ద తలపెట్టిన గోదావరి ఆనకట్ట 1852 నాటికిని, బెజవాడ వద్ద కృష్ణకు కట్టిన ఆనకట్ట 1855 నాటికిని పూర్తి కాగా, రెండు నదుల నీళ్ళను మోసికొని వచ్చిన కాలువలు ఏలూరు వద్ద కలిసికొనెను. ధాన్యమును, బెల్లమును, కొబ్బరికాయలను, మనుష్యులను మోయు పడవలు గాలి యున్నప్పుడు తెరచాపతోను, లేనప్పుడు గట్టు వెంబడి నడచు మనుష్యులు త్రాటితో లాగుటచేతను సాగుచుండెను. లాకుల వద్ద పడవ నిలిచినప్పుడెల్ల సరంగులును ప్రయాణికులును గట్టున దిగి, ఎంగిలిపడుటకు ఏమైన దొరకునా యని వెదకికొనుట నాటి ప్రయాణమున ఒక భాగము. తరువాత 1893–96 నడుమ బెజవాడ నుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గము పడినది. ఏలూరు, తాడేపల్లిగూడెము స్టేషనులైనవి. 1925లో పశ్చిమగోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి ముఖ్యస్థానమైన పిమ్మట వాయిదాలకు వచ్చు కక్షిదారులు, గుమాస్తాలు, తివాచీల బేరగాండ్రు, జూట్ మిల్లు కార్మికులు, 1945లో సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల నెలకొన్న తరువాత విద్యార్థులు, వీరందరికిని రెండు పూటల భోజనము కావలసి వచ్చెను. పూటకూటి యిల్లు క్రమముగా నెలకు టిక్కెట్లిచ్చు మెస్సుగా మారినది. అరటియాకు, పప్పు, కూర, పులుసు, పెరుగు, ఈ క్రమము మారలేదు. పంక్తి లేచినంతనే మరియొక పంక్తికి చోటు విడువవలెననెడి నియమమును మారలేదు. కడుపు నిండును, మాట మాత్రము మిగిలిపోవును.

ఆ మాటకు చోటిచ్చినది కాఫీ హోటలు. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో ఉడిపి ప్రాంతము నుండి వచ్చిన బ్రాహ్మణులు మద్రాసు రాజధాని పట్టణములన్నిట వలెనే ఆంధ్ర పట్టణములలోను కాఫీ హోటళ్ళను తెరచిరి. ఇడ్డెన, దోసె, ఉప్మా, వడ, ఇత్తడి గ్లాసులో కాఫీ వచ్చి, తెల్లవారుజాము చల్దియన్నము స్థానమును ఆక్రమించుట చూచి పెద్దలు కోపించిరి. కాఫీ ఒంటికి చేటని, హోటలు మడికి చేటని నిందించిరి. అయినను ఆంధ్రపత్రిక ఒక్క ప్రతిని పదిమంది పంచుకొని చదువుకొన్నదియు, కోర్టు తీర్పులను, ధాన్యపు ధరలను, స్వరాజ్యోద్యమ వార్తలను చర్చించినదియు ఆ బల్లల మీదనే. చిరుతిండియు తీరికయు ఇచ్చట కలిసినవి, పానము కాఫీయైనది. కాని ఈ మర్యాద అందరిదియు గాదు. కులమును బట్టి వేరు గది, వేరు వరుస, వేరు గ్లాసు ఉండుట నాటి హోటళ్ళలో సామాన్యము. కొందరికి గడప దాటుటకే వీలు లేదు. 1950లో అమలులోనికి వచ్చిన భారత రాజ్యాంగపు 15వ అధికరణము హోటళ్ళలోను, దుకాణములలోను ఇట్టి వివక్షను నిషేధించినది. 1955 నాటి అస్పృశ్యతా నేరముల చట్టము దానిని శిక్షార్హము చేసినది. ప్రక్కప్రక్కన కూర్చుండి తినుట అను స్వల్ప విషయమునకు మన దేశమున రాజ్యాంగము కావలసి వచ్చినదని మరువరాదు.

ఇక మూడవది కల్లుపాక. ఇజకాయకు మన సీమలో నిజమైన సాటి ఇదియే యని నా నిశ్చితాభిప్రాయము; చరిత్రకారులు తొంగి చూడనిదియు ఇదియే.

కొల్లేటి గట్లను, మెట్ట చేలను కాచి నిలుచునది తాటిచెట్టు. దాని మ్రానును తొలిచి చేసిన దోనె మీదనే లంకల వారు సరస్సున తిరిగిరి. దాని యాకే వారి యింటికి కప్పు. దాని గెల నుండి కారినదే వారి పానము. తెల్లవారకముందే గీత కార్మికుడు మోకు నడుమునకు చుట్టుకొని, పాదములకు బందము తగిలించుకొని, కత్తుల పొదిని వెనుక కట్టుకొని చెట్టెక్కును. గెల కొనను వెండ్రుకవాసి మందమున చెక్కి, క్రింద లొట్టి తగిలించి, రాత్రి పట్టిన కల్లును దించును. చెక్కు ఎక్కువైనచో గెల ఎండును, తక్కువైనచో కల్లు కారదు. ఆ చేతి కొలత తండ్రి నుండి కొడుకునకు వచ్చిన విద్య. ఉదయము దించిన కల్లు తీయగా నుండును. ఎండ ముదిరిన కొలది నురుగు కట్టి, పులిసి, మధ్యాహ్నమునకు ఘాటెక్కును. లొట్టి లోపల సున్నము పూసినచో పులియదు; అదియే నీరా. పోతుతాటి కల్లునకును పండుతాటి కల్లునకును రుచిలోని భేదమును, ఈతకల్లు వచ్చు ఋతువును, ఏ తోట చెట్టు తీపిదో యను సంగతిని ఆ పాకలో కూర్చున్నవారు చెప్పినంత నిశ్చయముగా మరి యెవ్వరును చెప్పలేరు.

పాక యనగా నాలుగు గుంజల మీద తాటాకు పందిరి; క్రింద దుంగలు, చాపలు; ఒక మూల కుండలు; మరియొక మూల, పందిరి అంచున, పొయ్యి. ఆ పొయ్యి వద్ద కూర్చున్న స్త్రీయే మన కథకు నాయిక. కొల్లేట వడ్డీలు మొదలగు మత్స్యకారులు వెదురుతో అల్లిన మావులను నీటి దారులలో నిలిపి పట్టిన చేప ఆమె చేతికి వచ్చును. కొర్రమీనైనచో ఒంటి జిగురు పోవువరకు బూడిద అద్ది బండమీద రుద్ది, ఉప్పునీట కడిగి, ముక్కలు కోసి, ఉప్పు, పసుపు, కారము, నూరిన అల్లము వెల్లుల్లి పట్టించి, పెనము మీద పలుచగా నూనె పోసి సన్నని సెగను వేచును. చిన్న చేదుపరిగెలైనచో కరకరలాడునట్లు వేచి దోసిలితో ఆకులో పోయును. జెల్లల పులుసు, మట్టగిడసల ఇగురు, నిప్పులపై కాల్చిన ఎండుచేప, నత్తల కూర, ఏమియు దొరకనినాడు ఉప్పు, పచ్చిమిరపకాయ వేసిన శనగ గుగ్గిళ్ళు. ఇవి యన్నియు నంజుకొనుటకే. ఒక్కొక్కటి కొంచెము కొంచెముగా, అడిగినప్పుడు అడిగినంత. త్రాగువారు కోతల సంగతులు, చేపల ధరలు, పెండ్లి సంబంధములు మాటలాడుకొనుచుండగా ఒక ఆకు ఖాళీ యగును, మరియొకటి వచ్చును. ఎదో నగరపు అంగడికిని కొల్లేటి గట్టుమీది పాకకును నడుమ సముద్రములు గలవు గాని, మనుష్యులు దినమంతయు శ్రమించి సాయంకాలమున కోరుకొను సుఖమున భేదము లేదు.

ఇట్టి దానికి గౌరవమేల దక్కలేదు? మొదటి కారణము కులము. చెట్టెక్కు వాడును, చేప తెచ్చు వాడును, కూర్చుండి త్రాగు కూలివాడును సంఘపు క్రింది మెట్లవారు; వారి వంట పెద్దయిండ్ల వారికి అంటరానిది. రెండవ కారణము ప్రభుత్వపు ఆదాయదృష్టి. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టము వచ్చిన పిమ్మట చెట్టునకు పన్ను, దుకాణమునకు వేలము అను పద్ధతి స్థిరపడినది. పాటలో హెచ్చు పాడినవాడు పెట్టుబడి రాబట్టుకొనుటకు ఎక్కువ త్రాగింపవలసినవాడే గాని, కూర్చుండనిచ్చి తినిపించుట అతనికి లాభము గాదు. కల్లునకంటె సారా అతనికి సులభము: చెట్టుతో పని లేదు, ఋతువుతో పని లేదు, నిలువ యుంచినను చెడదు, త్రాగుటకు తీరిక అక్కరలేదు. నిలుచుండి, తినక, త్రాగి, తూలుచు ఇంటికి పోవు మనుష్యుని తయారుచేసినది ఆ వేలపాటయే. పాక నశించుటకు ముందే పాకలోని పొయ్యి ఆరుటకు కారణము ఇదియని నేను నమ్ముచున్నాను.

మూడవ కారణము సంస్కరణోద్యమము. దాని న్యాయమును నేను కాదనను. 1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశమునకు గాంధీజీ వచ్చిన నాటి సహాయనిరాకరణమునను, 1930 నాటి ఉప్పు సత్యాగ్రహ కాలమునను ఆంధ్రదేశమంతట మద్యపు దుకాణముల వద్ద పికెటింగు జరిగెను. రాజాజీ ప్రభుత్వము 1937లో సేలము జిల్లాలో ప్రారంభించిన మద్యనిషేధము 1948 నాటికి ఉమ్మడి మద్రాసు రాష్ట్రమంతట వ్యాపించినది. తీపికల్లు దించి తాటిబెల్లము వండుకొనుటకు అనుమతులున్నను గీత కార్మికుల కుటుంబములకు అది చాలిన జీవనము కాలేదు. ఆంధ్రరాష్ట్రము ఏర్పడిన మరుసటి సంవత్సరమే, 1954 నవంబరులో, ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధ విషయమై వచ్చిన అవిశ్వాస తీర్మానమున ఒక్క ఓటుతో పడిపోయినదన్న, కల్లుకుండ మన రాజకీయమున ఎంత బరువైనదో తెలియును. తరువాత 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన సారా వ్యతిరేకోద్యమము రాష్ట్రమంతట వ్యాపించి, 1993లో సారాయి నిషేధమునకును, 1995లో సంపూర్ణ నిషేధమునకును దారితీసినది. సంపూర్ణ నిషేధము 1997లో సడలినది. కూలి డబ్బును సారా మ్రింగి, పిల్లలు పస్తులున్న ఇండ్లలోని స్త్రీల కోపము ధర్మమైన కోపము. ఆ కోపమునకు లక్ష్యము కావలసినది వేలపాటల సారా. తీరికగా కూర్చుండి నంజుకొని తిను పాకయు దానితోబాటు ఆ నిందలో పాలుపంచుకొన్నది.

పాకకు పైవారి నింద ఒకవైపు నుండి రాగా, చేపకు కాలపు మార్పు మరియొకవైపు నుండి వచ్చినది. 1970 దశకమున మత్స్యకార సహకార సంఘములకు చెరువులిచ్చుటతో కొల్లేట మొదలైన పెంపకము తరువాతి రెండు దశకములలో పెద్ద పెట్టుబడుల వ్యాపారమై, సరస్సును గట్లతో ముక్కలు చేసినది. మంచు పరచిన పెట్టెలలో బొచ్చె, శీలావతి చేపలు హౌరాకు పోవుచుండగా, మావులలో పడెడి సహజపు చేప తరిగిపోయెను. 1990 దశకమున పెంచిన టైగరు రొయ్యకు జపాను ప్రధాన విపణియైనది. కొల్లేటి సీమ రైతు పెంచిన రొయ్య, కొల్లేటి పాకలో ఆకు మీదికి రాక, జపాను వారి పళ్ళెములోనికి పోయెను. 1999లో ప్రభుత్వము కొల్లేటిని అభయారణ్యముగా ప్రకటించినది. 2002లో రామ్సార్ ఒప్పందపు పట్టికలో అది చేరినది. 2006లో అక్రమపు చెరువుల గట్లను పగులగొట్టిరి. పక్షులకు లాభము కలిగినది, లంకల వారి జీవనమునకు చిక్కులును కలిగినవి. ఆ వివాదము నేటికిని ముగియలేదు.

ఇపుడు ఏలూరు పట్టణమునను, తాడేపల్లిగూడెము రహదారి ప్రక్కలను, ఆకివీడు, కైకలూరు మార్గమునను చల్లని గదులు, మెత్తని కుర్చీలు గల భోజనశాలలు వెలసినవి. కొర్రమీను వేపుడు, బొమ్మిడాయిల పులుసు, రొయ్యల ఇగురు ఆ పట్టికలలో అగ్రస్థానమున నున్నవి. కుటుంబములతో వచ్చినవారు ఇష్టముగా తినుచున్నారు. కులము పేరు అడుగువారు లేరు. ఇది మేలైన మార్పే. అయితే ఆ మసాల కొలతలు, ఆ సెగ తెలివి, బూడిదతో జిగురు తీయు నేర్పు ఎవరి చేతి నుండి వచ్చినవో పట్టికలో వ్రాసి యుండదు. పూటకూళ్ళమ్మకు కన్యాశుల్కము దొరికినది. ఉడిపి వారికి వారి హోటళ్ళ పేర్లు మిగిలినవి. కల్లుపాక అంచున పొయ్యి వద్ద కూర్చున్న స్త్రీకి ఏ గ్రంథమునను ఒక్క పుట లేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు ఆంధ్రుల సాంఘిక చరిత్రను వ్రాసి, ప్రజల తిండియు, ఆటయు, ఆచారమును చరిత్రకు తగిన విషయములే యని నిరూపించి డెబ్బది యేండ్లు దాటినది. వారు వేసిన ఆ బాటలో కొల్లేటి సీమకు రావలసిన గ్రంథము ఇంకను రాలేదు.

జపాను వారు తమ అంగళ్ళ లెక్కను 1811 నాటికే వ్రాసి యుంచుకొన్నందుననే నేడు వాని చరిత్రను ప్రపంచము చదువుకొనుచున్నది. మన లంకలలోను, గూడెములలోను ఆ పాకలను ఎరిగిన వృద్ధులు ఇంకను ఉన్నారు: చెట్టెక్కినవారు, మావులు వేసినవారు, పొయ్యి రాజేసినవారు. కళాశాలల అధ్యాపకులును, విద్యార్థులును వారి వద్దకు పోయి, ఏ ఊర ఏ పాక యుండెనో, ఎవరు వండిరో, ఏ చేపను ఎట్లు వండిరో వారి మాటలలోనే వ్రాసికొని, ఏలూరు గ్రంథాలయములలో భద్రపరుపవలెనని నా విన్నపము. ఈ పని ప్రభుత్వపు ఉత్తర్వునకై వేచియుండదగినది కాదు. పాఠకులారా, మీ ఊరి పెద్దలతోనే దానిని ప్రారంభింపుడు.